తర్వాత చూద్దాం

దువ్వెన చిక్కులో ఆగింది. బాబాయ్ లాగలేదు. దువ్వెన పక్కన పెట్టి, చిక్కుని వేళ్ళతో విడదీసి, మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. మంచం తలవైపు ఎత్తి ఉంది. మూడు దిండ్లకి ఆనుకుని కూర్చున్న అతని పెళ్ళాం కళ్ళు మూసుకుని తల అప్పగించింది. పెళ్ళయి పాతికేళ్ళు దాటాక, ఈ ఆసుపత్రి వార్డులో జడ వేయడం నేర్చుకున్నాడతను.

"అంత బిగించకయ్యా. చీపురు కడుతున్నావా ఏంటి?"

"వదులుగా వేస్తే సాయంత్రానికి ఊడిపోతుందే."

"ఊడితే ఊడింది. నన్ను చూడ్డానికి ఎవరొస్తున్నారిక్కడ, నువ్వు తప్ప."

"నేనొస్తున్నాగా."

"నువ్వు జడ చూసే మొహమేనా?"

వాళ్ళ వీధిలో ఆమెని మిషనమ్మ అంటారు. కుట్టుమిషను తొక్కీ తొక్కీ పిక్కలు రాయిలా ఉండేవి. ఇప్పుడు ఆ కాళ్ళే నీరు పట్టి, వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉంటోంది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందన్నారు. మందులు పనిచేస్తున్నాయి, ఎల్లుండి ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. ఒక్కటే జాగ్రత్త. ఉన్నట్టుండి ఊపిరి అందకపోతే వెంటనే ఎవరో ఒకరు వచ్చి, పూర్తిగా కూర్చోబెట్టి, గోడకున్న ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టాలి. పెడితే సర్దుకుంటుంది. పెద్ద వైద్యమేం కాదు. ఎవరో ఒకరు రావాలి, అంతే.

ఆ రావడం కోసమే మంచానికో గంట ఉంది. గోడలోంచి తీగ, తీగ చివర అగ్గిపెట్టెంత మీట. నొక్కితే మీట మీద ఎర్రదీపం వెలుగుతుంది. నర్సు మంచం దాకా వచ్చి గోడ మీదున్న నల్ల బొత్తాం నొక్కితే తప్ప అది ఆరదు. ఆ మీట నున్నటి ప్లాస్టిక్కు. దుప్పటి మీంచి జారిపోయి మంచం కింద వేలాడేది. రెండుసార్లు దానికోసం వంగి ఆయాసపడ్డాక మిషనమ్మ మొగుడి చేత ఇంటినుంచి సూదీ దారం, బళ్ళో పిల్లల చొక్కాలు కుట్టగా మిగిలిన నీలంగళ్ళ గుడ్డముక్క తెప్పించుకుంది. మీటకి తొడుగు కుట్టింది. నొక్కే చోట, దీపం కనబడేలా, చిన్న కిటికీ వదిలింది. అంచు మడిచి కాజా కుట్టు వేసింది. మణికట్టుకి తగిలించుకోవడానికి ముడి వేసే పట్టీ కూడా పెట్టింది. వార్డుకొచ్చిన వైద్యుడు చూసి నవ్వాడు. ఆయన నవ్వు మిషనమ్మకి నచ్చలేదు.

"మీటకి చొక్కా తొడిగారా అన్నాడు. అవును బాబూ, మీ ఆసుపత్రి దానికి కట్టుబట్టలు కూడా ఇవ్వలేదు, అందుకని, అన్నాను."

"నిజంగా అన్నావా?"

"లేదులే. లోపల అనుకున్నా."

వాళ్ళిద్దరిదీ ఒకటే జబ్బు. లోపల అనుకోవడం.

బాబాయ్ పట్టీని ఆమె కుడి మణికట్టుకి తగిలించాడు. కిటికీలోంచి నొక్కి చూశాడు. ఎర్రదీపం వెలిగింది. ఇద్దరూ తలుపు వైపు చూశారు. నర్సు రాలేదు. ఆమె ఆ చివరి మంచం దగ్గర ఎవరికో సూది గుచ్చుతోంది. ఇంత పొడుగు వార్డుకి ఒక్కత్తే. చివరికి బాబాయే గోడ బొత్తాం నొక్కి దీపం ఆర్పాడు.

"ఆవిడున్నప్పుడు ధీమాగా ఉండేది," అంది మిషనమ్మ పక్క మంచం వైపు చూస్తూ. పోయిన వారం ఊపిరాడక గంట నొక్కితే ఎవరూ రాలేదు. ఆ పక్క మంచం ముసలమ్మే లేచి, గోడ పట్టుకుని నడిచి, నర్సుని కేకేసింది. నిన్న ముసలమ్మని ఇంటికి పంపేశారు. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"ఇవాళ గంట ప్రోగ్రాం సరిచేసి పెట్టేస్తానే," అన్నాడు బాబాయ్. "పని అయిపోవచ్చింది. ఈ రాత్రి నుంచి, గంట నర్సు తీయకపోతే పెద్ద నర్సుకి మోగుతుంది. ఆవిడా తీయకపోతే డ్యూటీ డాక్టరుకి. ఆయనా తీయకపోతే సూపరింటెండెంటు బల్ల మీద మోగుతుంది."

"ఆయన బల్ల మీద నా గంటా? ఆయనకి కంగారొచ్చి నా పక్కన మంచమెక్కుతాడయ్యా."

"నవ్వకే. ఆయాసమొస్తుంది."

"ఇది నువ్వు కుట్టిందేనా, అసలు?"

అతను ప్రోగ్రాం రాయడాన్ని ఆమె మొదట్నుంచీ కుట్టడమనే అంటుంది. రోజూ ఇంటికి రాగానే ఇవాళేం కుట్టావు అని అడుగుతుంది. అతను చెబుతాడు, ఆమె మిషను తొక్కుతూ వింటుంది. అర్థమైనా కాకపోయినా చివర్లో ఏదో ఒకటి అంటుంది. ఆ మాట మర్నాడు ఆఫీసులో పనికొస్తుంది ఒక్కోసారి.

"మేమంతా కలిసి కుట్టిందే. నా కుట్టేదో ఇంకొకరి కుట్టేదో ఇప్పుడెలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. ఎవరి కుట్టు వాళ్ళ చేతిని పట్టిస్తుంది," అని, కళ్ళు తెరిచి మొగుడి మొహం చూసి, "మీ పనిలో తెలియదేమోలే," అంది మెత్తగా.

బయటివాళ్ళు వెళ్ళాలని వార్డు బోయ్ తలుపు మీద తాళంచెవితో కొట్టాడు. లోపలికి ఫోన్లు రానివ్వరు, యంత్రాలకి పడవట. అంటే సాయంత్రం మళ్ళీ తలుపు తీసేదాకా ఆమెకీ అతనికీ మధ్య మాట లేదు. ఉన్నదల్లా ఆ మీట.

"సాయంత్రం వస్తా."

"దువ్వెన తీసుకుపో. ఇక్కడుంటే పోతుంది. పోయిరా."

బాబాయ్ బక్కమనిషి. యాభై దాటాడు. కళ్ళజోడు ఎడమ కాడ విరిగితే మిషనమ్మ నల్లదారం చుట్టి బిగించింది, అదే నడుస్తోంది. ఆఫీసులో ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ అతను బాబాయే. మొదట టైపిస్టుగా చేరాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లొచ్చాక అంకెలు ఎక్కించే పనిలో పడేశారు. ఆ పనీ పోతుందని తెలిసి, ఎవరో పారేసిన అట్టలూడిన పుస్తకం చూసి జావా అనే ప్రోగ్రాం భాష నేర్చుకున్నాడు. ఇంట్లో ఒకవైపు ఆమె మిషను, ఒకవైపు ఇతని గొణుగుడు. గొప్ప పనివాడేం కాదు. నెమ్మది. కుర్రాళ్ళు పూటలో చేసేది ఇతనికి రోజు పడుతుంది. పైకి ఎదగలేదు, ఎదుగుతానని అడగలేదు. జీతాలు పెంచిన ఏడు ఇతని పేరు మర్చిపోతే, మర్చిపోయారని చెప్పడానికి కూడా వెళ్ళలేదు. వచ్చే ఏడు చూద్దామనుకున్నాడు.

ఆఫీసు టైర్ల కొట్టు మీద. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన చొక్కాకి పట్టుకుంటుంది. ఆసుపత్రులకి కావలసిన ప్రోగ్రాములు రాస్తారక్కడ. ఆ పరిచయం మీదే మేనేజరు ఒక మాట చెబితే మిషనమ్మకి మంచం దొరికింది. ఆ వార్డు గంటల ప్రోగ్రాము కూడా ఇక్కడిదే.

ముసలమ్మ కేకేసిన మర్నాడు బాబాయ్ నర్సుని అడిగాడు. ఆమె చేతిలో మందుల పళ్ళెం అలాగే పట్టుకుని చెప్పింది. "గంట నొక్కితే నా బల్ల మీద తెర మీద మంచం నంబరు కాసేపు మిణుకుమిణుకుమంటుంది బాబాయిగారూ. ఆ కాసేపట్లో నేను బల్ల దగ్గరుంటే సరి. లేకపోతే మాయమైపోతుంది. నాకున్నవి రెండు కాళ్ళు."

"మాయమైతే పైవాళ్ళకి వెళ్ళాలి కదమ్మా?"

"వెళుతుందనే చెప్పారు. పెట్టింది మీవాళ్ళేగా?"

వచ్చి ప్రోగ్రాం తెరిచాడు. వెతికి వెతికి ఆ చోటు పట్టుకున్నాడు.

ఆ చోట ఏముందో తెలియాలంటే ఈ పని తీరు కొంచెం తెలియాలి. ప్రోగ్రాంలో జరగకూడనిది జరిగితే దాన్ని ఎక్సెప్షన్ అంటారు. కింద పనిచేసే ముక్క దాన్ని తన పైనున్న ముక్కకి విసురుతుంది. పైది పట్టుకుని ఏదో ఒకటి చేయాలి. చేతకాకపోతే, నేను ఇంకా పైకి విసురుతానని ముందే రాసివ్వాలి. రెండూ చేయకపోతే కంపైలర్ ఒప్పుకోదు. ఎర్రర్ చూపించి పని ఆపేస్తుంది. మనం రాసింది యంత్రానికి ఎక్కేముందు గుమ్మంలో నిలబెట్టి అడిగేది కంపైలరే. మనుషుల్లో అలాంటిది ఒక్కటి ఉంటే ఎన్నో కొంపలు నిలబడేవి.

కానీ దాన్ని మోసం చేసే దారి ఒకటుంది. ఈ ఆఫీసులో చేరినవాళ్ళకి మొదటి వారంలో అబ్బే విద్య అదే. పట్టుకుంటున్నట్టు క్యాచ్ అని రాయడం, బ్రాకెట్ల మధ్య ఖాళీగా వదిలేయడం. పట్టుకున్నారా లేదా అన్నదే కంపైలర్‌కి కావాలి. పట్టుకుని ఏం చేశారో అది అడగదు. ఆ ఖాళీలో, మళ్ళీ తమకే సిగ్గేసి, ఇక్కడివాళ్ళు ఒక మాట రాస్తారు. తర్వాత చూద్దాం. అందరూ అదే మాట. ఏ ఫైలు తెరిచినా పదిచోట్ల ఉంటుంది. తర్వాత చూసినవాడు మాత్రం ఈ మెట్ల మీద ఇంకా ఎవడూ కనబడలేదు.

నర్సు గంట తీయకపోతే పైకి వెళ్ళాల్సిన చోట అదే ఉంది. క్యాచ్. ఖాళీ. తర్వాత చూద్దాం.

ఎవరు రాశారు? బాబాయ్ ఆ మూడు ముక్కల వైపు చాలాసేపు చూశాడు. ఆ మాట తనూ వందసార్లు రాసినవాడే. టైపు కొట్టిన అక్షరాలకి చేతిరాత ఉండదు.

ఆ ఖాళీ క్యాచ్‌ని పీకేశాడు. ఈ వారమంతా, మేనేజరు చెప్పిన పని చేస్తూ మధ్యమధ్యలో, ఉన్న ఎక్సెప్షన్ క్లాసుకి, అంటే అచ్చుకి, కూతురిగా తన సొంతది ఒకటి తయారుచేసుకుంటున్నాడు. దానికి నోబడీకేమ్ అని పేరు పెట్టాడు. ఎవరూ రాలేదు అని. ఇవాళ పొద్దున దాన్ని గంట ప్రోగ్రాములో పెట్టి కంపైల్ కొట్టాడు. తెరంతా ఎర్రర్లు.

"మీ తెర చూస్తే నాకే జ్వరమొస్తోంది బాబాయ్," అంది పక్క సీటమ్మాయి. చురుకైన పిల్ల. ఒక చెవిలో పాట, ఒక చెవి ఇటు. బాబాయ్‌కి రానిది చిటికెలో చెబుతుంది, చెప్పినందుకు ఏడిపిస్తుంది.

"మొదటిది చూడమ్మా. నోబడీకేమ్‌కి మంచం నంబరిచ్చి విసరమంటే, అలాంటి కన్‌స్ట్రక్టర్ లేదంటోంది. దాని తల్లి క్లాసుకి ఉందిగా?"

"తల్లికుంటే? తల్లి చీరలు కూతురికి వస్తాయేమో గానీ కన్‌స్ట్రక్టర్లు రావు బాబాయ్. మీ క్లాసులో మీరే రాయాలి. మంచం నంబరు తీసుకుని, సూపర్ అని తల్లికి అందించండి. అంతే."

రాశాడు. నోబడీకేమ్‌ని పుట్టించే ఆ ముక్క చేరగానే ఆ ఎర్రర్ పోయింది. ఇంకొకటి. నోబడీకేమ్‌ని ఇంతకుముందే పట్టేసుకున్నారు, నీ క్యాచ్‌కి ఇక రాదు అంటోంది.

ఆ అమ్మాయి కుర్చీ జరుపుకుని వచ్చింది. "అన్ని రకాలూ పట్టే పెద్ద క్యాచ్ పైన పెట్టారు, మీ చిన్న క్యాచ్ కింద పెట్టారు. పైన గంగాళం పెట్టి కింద గ్లాసు పెడితే గ్లాసులో చుక్క పడుతుందా? చిన్నది పైకి తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళాడు. ఇక మిగిలినవన్నీ ఒకటే రకం. పట్టుకో, లేదా పైకి విసురుతానని రాసివ్వు. నర్సు బల్ల ముక్కకి, పైకి విసురుతానని, త్రోస్ అని రాస్తే ఆ ఎర్రర్ పోయి, దాన్ని పిలిచే ఇంకో రెండుచోట్ల కొత్తవి పుడుతున్నాయి. అక్కడ సర్దితే ఇంకా పైన. తగ్గాల్సినవి పెరుగుతున్నాయి. మెట్టు మెట్టుకీ ఎక్కుతున్నాయి.

"ఇదంతా ఎందుకు బాబాయ్? మీ క్లాసు ఎక్సెప్షన్‌కి కూతురని రాశారు చూడండి, అక్కడ రన్‌టైమ్‌ఎక్సెప్షన్‌కి కూతురని రాయండి. ఒక్క పదం. కంపైలర్ ఎవర్నీ అడగడం మానేస్తుంది. అన్నీ పోతాయి, ఇంటికెళ్ళి పడుకోవచ్చు."

"అవి పోవమ్మా. కనబడకుండా పోతాయి."

"రెండిటికీ తేడా ఏంటి?"

"అడగాలమ్మా. ప్రతి మెట్టు దగ్గరా నిలబెట్టి అడగాలి. నువ్వు పట్టుకుంటావా, పైకి చెబుతావా అని."

ఆ అమ్మాయి చెవిలో పాట తీసేసింది. "పిన్నికెలా ఉంది?"

"ఎల్లుండి ఇంటికి. జడ బాగా వేయలేదని తిట్టింది."

"తిట్టిందంటే బాగున్నట్టే."

మధ్యాహ్నం పొద్దున వండుకున్నది డబ్బాలోంచి తిన్నాడు. తెర మీంచి కళ్ళు తీయలేదు. రెండు ముద్దలు తిని మూత పెట్టాడు. తిన్నావా అని అడిగేది ఆమె. కాబట్టి సాయంత్రం, తిన్నాననే చెబుతాడు.

పైపైకి పోయి ఒక చోట ఎర్రర్ ఆగిపోయింది. అక్కడ సర్దడం ఇతని చేతుల్లో లేదు. పెద్ద నర్సు, డ్యూటీ డాక్టరు, సూపరింటెండెంటు, ఈ ముగ్గురి తెరలకీ కలిపి ఒక ఇంటర్‌ఫేస్ ఉంది. అంటే ఒప్పందం. అందులో ఏముందో దానికి కట్టుబడే ముక్కల్లో అదే ఉండాలి. ఆ ఒప్పందంలో త్రోస్ లేదు. పైకి విసరడమనే మాటే అందులో లేదు. ఒప్పందంలో లేనిది నువ్వు విసరడానికి వీల్లేదంటోంది కంపైలర్. కింద నర్సు ఒక్కత్తే ఇటు పరిగెత్తి అటు పరిగెత్తి పట్టుకోవాలి. పైవాళ్ళు పట్టుకుంటామనీ అనలేదు, చెబుతామనీ అనలేదు. రాసుకున్నవాళ్ళు చాలా తెలివిగా రాసుకున్నారు.

బాబాయ్ లేచి మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు ఇతనికన్నా బాగా చిన్నవాడు. చెడ్డవాడు కాదు. ఆయనకీ పైన ఒకాయన ఉన్నాడు, ఆయన ఫోను మోగితే ఈయన లేచి నిలబడి మాట్లాడతాడు.

"సర్, ఇంటర్‌ఫేస్‌లో ఒక్క త్రోస్ చేర్చాలి. గంటకి ఎవరూ రాకపోతే సూపరింటెండెంటు దాకా వెళ్ళాలి కదా."

"ఎవరు చెప్పారు చేయమని?"

"ఎవరూ చెప్పలేదు సర్."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "బాబాయ్, వార్డు గంటలు మా తెరల మీదకి రాకూడదని మొదటిరోజే చెప్పారు ఆసుపత్రి పైవాళ్ళు. అక్కడ క్యాచ్ పెట్టి వదిలేయండి. సాయంత్రం ఇది వెళ్ళాలి. వెళ్ళాలంటే కంపైల్ అవ్వాలి. అంతే కదా మన పని?"

"పోనీ ప్రోగ్రాం రాసుకునే లాగ్‌లోనైనా రాద్దాం సర్. గంటకి ఎవరూ రాలేదని."

"లాగ్‌లో ఉంటే, చూశారా అని అడుగుతారు. లేకపోతే అడగరు." ఈ మాట నవ్వుతూనే అన్నాడు. "మీకు తెలియని ఉద్యోగమా ఇది?"

తెలియని ఉద్యోగం కాదు. సరే సర్ అని వచ్చి కూర్చున్నాడు. చేతులు కీబోర్డు మీద పెట్టాడు. ఖాళీ క్యాచ్ కొట్టడానికి క్షణం పట్టదు, వేళ్ళకి అలవాటే. వేళ్ళు కదల్లేదు. పక్క మంచం మీద చుట్టేసిన ముసలమ్మ పరుపు గుర్తొచ్చింది.

ఇంటర్‌ఫేస్ తెరిచాడు. త్రోస్ నోబడీకేమ్ అని రాశాడు. ఎర్రర్లు మళ్ళీ తెర నిండా వచ్చిపడ్డాయి.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో చెప్పిన మాట వినకపోవడం అదే మొదలు. లోపల భయంగానే ఉంది, చంకలు తడిశాయి. కానీ చేతులు మాత్రం చక్కగా ఆడాయి. పెద్ద నర్సు ముక్కలో ఒకటి, డాక్టరు ముక్కలో మూడు, ఒక్కోటీ విప్పి మళ్ళీ కుట్టాడు. విప్పకుండా కుట్టు మీద కుట్టేస్తే బట్ట ముడతలు పడుతుందని మిషనమ్మ అంటుంటుంది. పక్క సీటమ్మాయి ఏమీ అడక్కుండానే కుర్చీ జరుపుకుని వచ్చి, రెండుచోట్ల వేలు పెట్టి చూపించి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. చిట్టచివర, అందరికన్నా పైన, సూపరింటెండెంటు ముక్కలో, ఇక విసరడానికి ఎవరూ లేని చోట, క్యాచ్ రాశాడు. ఖాళీగా కాదు. బల్ల మీద గంట మోగించు, ఎవరో ఒకరు ఆర్పేదాకా ఆపకు అని రాశాడు.

కంపైల్ కొట్టాడు.

తెర మీద ఏమీ రాలేదు. ఖాళీ గీత మీద కర్సరు మిణుకుమంటోంది. కంపైలర్‌కి మెచ్చుకోవడం రాదు. తప్పుంటే తిడుతుంది, లేకపోతే మాట్లాడదు. బాబాయ్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఇవాళేం కుట్టావు అని అడిగితే చెప్పడానికి ఇవాళ ఒకటుంది.

"అయిపోయిందా?" మేనేజరు వెనకే నిలబడి ఉన్నాడు. వంగి చదివాడు. చదువుతుంటే మొహంలో నవ్వు పోయింది. అరవలేదు. "జరగండి బాబాయ్," అని, నిలబడే కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ఇంటర్‌ఫేస్‌లో త్రోస్ తీసేశాడు. పైవాటిల్లో బాబాయ్ రాసినవన్నీ చెరిపేశాడు. పెద్ద నర్సు ముక్కలో క్యాచ్ పెట్టాడు. బ్రాకెట్ల మధ్య టకటకా కొట్టాడు. తర్వాత చూద్దాం. కంపైల్.

తెర మీద ఏమీ రాలేదు. తప్పులేని నిశ్శబ్దమూ, మింగేసిన నిశ్శబ్దమూ ఆ తెర మీద ఒక్కలాగే ఉంటాయి.

"చూశారా, ఒక్క ఎర్రరూ లేదు. పెద్ద నర్సు దాకా వెళుతోందిగా, అంతవరకు నయమే. మీ ఆవిడ కూడా ఎల్లుండి వచ్చేస్తోందిగా ఇంటికి?"

బాబాయ్ నోరు తెరిచాడు. ఎల్లుండి దాకా ఆమె ఆ గంట మీదే ఆధారపడి ఉంది సర్, పక్క మంచం ఖాళీ అయిపోయింది సర్, ఎల్లుండి తర్వాత ఆ మంచం మీద ఇంకొకరు పడుకుంటారు సర్. అన్నీ గొంతు దాకా వచ్చాయి. గొంతులో ఎవరో పట్టేసుకున్నారు. ఎవరో కాదు. తనే.

"సరే సర్," అన్నాడు.

పక్క సీటమ్మాయి తల ఎత్తి ఇతని వైపు చూసి, మళ్ళీ దించేసుకుంది. బాబాయ్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. ఆసుపత్రి తలుపులు తీసే వేళవుతోంది.

బస్సులో నిలబడే వెళ్ళాడు. ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు దారంతా. కుట్టాను గానీ విప్పేశారే అనాలా. అంటే నవ్వుతుంది, నవ్వితే ఆయాసం. కొంచెం కుట్టాను, పెద్ద నర్సు దాకా కుట్టాను అందామనుకున్నాడు. అదీ ఆసుపత్రిలో ఇంకా పెట్టలేదు. రాత్రికి పెడతారు. అప్పటిదాకా నడిచేది పాతదే.

వార్డు తలుపు తీయగానే అందరికన్నా ముందు లోపలికెళ్ళాడు. నర్సు ఆ చివర ఒకావిడకి రక్తం ఎక్కిస్తూ సీసా వైపు చూస్తోంది. ఆమె బల్ల మీద తెర నీలంగా, ఖాళీగా ఉంది. ఒక్క నంబరూ లేదు.

మిషనమ్మ దిండ్ల మీంచి పక్కకి ఒరిగి పడుకుంది. జడ ఊడలేదు. పొద్దున వేసింది వేసినట్టే భుజం మీద ఉంది. మంచం పక్క బల్ల మీద టీ గ్లాసు. టీ మీద తొరక కట్టింది. తెచ్చినవాడు నిద్రపోతోందనుకుని పెట్టి పోయుంటాడు. ఎడం చేయి గోడకున్న గొట్టం వైపు చాచి ఉంది. అందలేదు. కుడి చేయి దుప్పటి మీద, నీలంగళ్ళ తొడుగు గుప్పిట్లో.

"ఏమే," అన్నాడు బాబాయ్.

చేయి పట్టుకున్నాడు. దువ్వెన జేబులోంచి తీసి, ఎందుకు తీశాడో తెలియక, మళ్ళీ పెట్టేసుకున్నాడు. మంచం అంచున కూర్చుని, ఆమెని దిండ్ల మీదకి సరిగ్గా లాగి, పూర్తిగా కూర్చోబెట్టి, గోడకున్న గొట్టం తీసి ముక్కుకి పెట్టాడు. గాలి సుయ్యిమంది. అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పెడితే సర్దుకుంటుందన్నారు.

నర్సు వచ్చింది. చూసింది. మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. అతని చేతిలోంచి గొట్టం మెల్లగా తీసుకుంది.

"నాకు రాలేదు బాబాయిగారూ. నా తెర మీద ఏమీ లేదు. నేనటు ఉన్నా..." ఆ పిల్ల గొట్టం గోడకి తగిలించి గాలి ఆపింది.

"తెలుసమ్మా. నీ తప్పు కాదు," అన్నాడు. "గంట పైకెళ్ళే దారి లేదు. నేను చూశాను."

తర్వాత రావాల్సినవాళ్ళందరూ వచ్చారు. పెద్ద నర్సు వచ్చింది. డ్యూటీ డాక్టరు వచ్చి టైము చూసుకుని రాసుకున్నాడు. ఆఖరికి సూపరింటెండెంటు కూడా తలుపు దగ్గర్నుంచి ఒకసారి తొంగిచూసి వెళ్ళాడు. ఇప్పుడు ఎవరూ గంట కొట్టలేదు, అందరూ వచ్చారు. దుప్పటి కప్పి, చక్రాల బల్ల మీద ఆమెని తీసుకుపోతుంటే మణికట్టు పట్టీ లాగింది. బాబాయే ఆ పట్టీ విప్పాడు. ఆమె కుట్టిన ముడి, దారం తెంపకుండా విప్పాడు.

ఖాళీ మంచం దుప్పటి తీయడానికి వచ్చిన పెద్ద నర్సు అలవాటుగా గోడ మీది నల్ల బొత్తాం వైపు చేయి చాచింది. బాబాయ్ ఆ చేతికి అడ్డం నిలబడ్డాడు.

"ముట్టుకోకండి," అన్నాడు. గట్టిగా అన్నాడు. వార్డంతా తిరిగి చూసింది. "ఎవరు రావాలో వాళ్ళని వచ్చి ఆర్పమనండి. అప్పటిదాకా ఉండనివ్వండి."

పెద్ద నర్సు ఏదో అనబోయి, చిన్న నర్సు మొహం చూసి, చేయి వెనక్కి తీసుకుంది.

అతను చక్రాల బల్ల వెనక నడిచి వెళ్ళిపోయాడు. పరుపు మీద, తీగ చివర, నీలంగళ్ళ గుడ్డకి కాజా కుట్టు వేసిన ఆ చిన్న కిటికీలో ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.